ఫోర్ట్ స్టీవెన్స్‌లో రెండు రోజుల విడిది

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, కొలంబియా నది పసిఫిక్‌లో కలిసే చోట, అంతర్యుద్ధ కాలంలో కట్టిన ఫోర్ట్ స్టీవెన్స్ నేడు స్టేట్ పార్కు. పోర్ట్‌లాండ్ నుంచి కారులో సుమారు రెండు గంటల ప్రయాణం. వేసవి వారాంతాలకు గుడారపు స్థలం గానీ, యర్ట్ అనే గుండ్రటి గుడారపు గది గానీ నెలల ముందే బుక్ చేసుకోవాలి.

ముందుగా కోటలోని ఫిరంగుల స్థావరం బ్యాటరీ రస్సెల్ చూడండి. 1942 జూన్ 21 రాత్రి జపాన్ జలాంతర్గామి ఐ-25 ఈ కోట వైపు 17 గుండ్లు పేల్చినా, తమ ఫిరంగుల ఉనికి శత్రువుకు తెలియకూడదని అధికారి ఎదురుకాల్పులకు అనుమతించలేదు. దెబ్బతిన్నవాటిలో చెప్పుకోదగ్గది బేస్‌బాల్ మైదానపు కంచె. ఇప్పుడక్కడ ఫిరంగులు లేవు, నాచు పట్టిన కాంక్రీటు గదులే ఉన్నాయి. లోపల పట్టపగలే చీకటి కనుక టార్చిలైటు తప్పనిసరి. పైఅంచుల దగ్గర పిల్లల చెయ్యి వదలకండి.

1906లో ఒడ్డుకెక్కిన పీటర్ ఐర్‌డేల్ ఓడ తుప్పు పట్టిన ఇనుప పక్కటెముకలను మాత్రం, ఆటుపోట్ల వేళలు చూసుకుని, నీరు వెనక్కి తగ్గినప్పుడే చేరుకోవాలి. ఆగస్టులోనైనా గాలి చలిగానే ఉంటుంది; స్వెట్టరుతోపాటు వానకోటు కూడా సర్దుకోండి.