దీపావళి నుంచి క్రిస్మస్ దాకా: పిక్సెల్ లైట్లకు కంట్రోలరు, నెట్‌వర్క్ పెట్టుకోవడం ఎలా

టెక్సాస్‌లో మేముండే ఫ్రిస్కో వీధిలో దీపావళికి కట్టిన లైట్లను మళ్లీ జనవరిలోనే దించుతారు. తెలుగువాళ్లం మొదలుపెడతాం, మిగతావాళ్లు థాంక్స్‌గివింగ్ అయ్యాక అందుకుంటారు. మా ఇంటి ముందు కారు ఆపి చూసే మనవాళ్లు అడిగేది ఒకటే: "ఈ లైట్లు ఎక్కడ కొన్నారండీ?" లైట్లు ఎక్కడైనా దొరుకుతాయి. వాటికి డేటా ఎలా వెళ్తోంది, కరెంటు ఎలా వెళ్తోంది అని అడిగితే సంతోషిస్తాను. పగలంతా ఆఫీసు నెట్‌వర్కులు చూసుకోవడమే నా ఉద్యోగం కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త చాదస్తం. లాప్‌టాప్ మూసేసి, ఇంటి వైఫై ఆపేసినా సాయంత్రానికి లైట్లు వాటంతటవి వెలిగి, పాట చివరిదాకా తడబడకుండా నడిస్తేనే అది షో అని నా లెక్క. కింద రాసినదంతా ఆ లెక్కకు తగ్గట్టు చేసుకున్నదే.

మామూలు సీరియల్ సెట్లో దండంతా ఒకేసారి వెలుగుతుంది. పిక్సెల్ దండలో ప్రతి బల్బుకూ సొంత చిప్ ఉంటుంది. మేము వాడే 12 మిల్లీమీటర్ల బుల్లెట్ పిక్సెల్స్‌లో అది డబ్ల్యూఎస్ 2811. మూడు వైర్లు: ప్లస్, గ్రౌండ్, మధ్యలో డేటా. మొదటి పిక్సెల్ తన రంగు తాను తీసుకుని మిగతా డేటాను పక్కదానికి అందిస్తుంది, అది తరువాతిదానికి. అందుకే దండకు తలా తోకా ఉంటాయి. తలవైపు నుంచి డేటా ఇవ్వకపోతే ఒక్కటీ వెలగదు. చాలా దండల మీద దిశ చూపే బాణం గుర్తు ఉంటుంది, మా ఆయన నిచ్చెన ఎక్కేముందు నేను కింద ఉండి చూసేది మొదట దాన్నే.

ముందు కాగితం మీద లెక్క వేయండి. మాది ఇలా ఉంటుంది: ఇంటి కప్పు అంచుకు 250 పిక్సెల్స్, గ్యారేజీ చుట్టూ 100, రెండు కిటికీలకు చెరి 75, ముందు గడ్డిలో స్తంభానికి కట్టే పెద్ద చెట్టుకు 50 చొప్పున 16 దండలు, అంటే 800. మొత్తం 1300. పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చానళ్లు కాబట్టి 3900 చానళ్లు.

దండలకు డేటా, కరెంటు ఇచ్చే బోర్డే కంట్రోలర్, దాని మీద దండ తగిలించే చోటు పోర్టు. చెట్టునంతా ఒకే వరుసగా ఒకే పోర్టుకు కట్టెయ్యొచ్చు కదా అంటారు. డేటా పరంగా వీలవుతుంది. పిక్సెల్‌కు 30 మైక్రోసెకన్లు పడుతుంది, 800 పిక్సెల్స్‌కు 24 మిల్లీసెకన్లు. సెకనుకు 40 ఫ్రేములు, అంటే రంగులు 40 సార్లు మార్చేలా, నడపాలంటే ఫ్రేముకు 25 మిల్లీసెకన్లు ఉంటాయి, అంటే అంచు మీద సరిపోతుంది. కానీ మూడో దండలో ఒక చిప్ పోతే ఆ తరువాతి చెట్టంతా చీకటే. నేను పోర్టుకు రెండే దండలు పెడతాను, ఒకటి పైకి, ఒకటి కిందికి. చెట్టుకు ఎనిమిది పోర్టులు పోతాయి. కప్పు అంచును రెండు ముక్కలు చేసి రెండు పోర్టులు, గ్యారేజీకి ఒకటి, కిటికీలకు రెండు. మొత్తం పదమూడు. పదహారు పోర్టుల కంట్రోలర్‌లో మూడు మిగులుతాయి. గుమ్మం దగ్గర పెట్టే దీపం బొమ్మకు ఒకటి, పోర్టు చెడితే మార్చుకోవడానికి రెండు. పోర్టులన్నీ నింపేసేలా మాత్రం కొనకండి.

కరెంటు సంగతి. 12 వోల్టుల బుల్లెట్ పిక్సెల్ పూర్తి తెలుపులో సుమారు 0.06 ఆంప్స్ లాగుతుంది. 1300 పిక్సెల్స్‌కు 78 ఆంప్స్, 900 వాట్లు పైమాటే. భయపడకండి, ఎవరూ పూర్తి వెలుగులో నడపరు. వంద శాతం తెలుపు పెడితే ఇల్లు పెళ్లి పందిట్లో ఫోకస్ లైటు ఎదురుగా నిలబడ్డట్టు ఉంటుంది. 30 శాతం చాలు. అప్పుడు చెట్టుకు 14, ఇంటికి 9 ఆంప్స్ చొప్పున పడుతుంది. మాకు 350 వాట్ల పవర్ సప్లైలు రెండు ఉన్నాయి, ఒక్కొక్కటి 29 ఆంప్స్ ఇస్తుంది. సప్లైని ఎప్పుడూ 80 శాతం దాటి వాడకూడదని నియమం పెట్టుకున్నాను. పదహారు పోర్టుల బోర్డులకు సాధారణంగా పవర్ ఇన్‌పుట్‌లు రెండుంటాయి, సగం పోర్టులకు ఒకటి, మిగతా సగానికి ఇంకొకటి. అందుకే చెట్టు ఒకటి నుంచి ఎనిమిది దాకా, ఇల్లు తొమ్మిది నుంచి.

ఈ 30 శాతాన్ని కంట్రోలర్ సెట్టింగుల్లోనే పోర్టు పోర్టుకూ పెట్టండి, పాటలకు కట్టే లైట్ల ఫైళ్లలో కాదు. పోర్టుకు 5 ఆంప్స్ ఫ్యూజు ఉన్న బోర్డు మీద వంద పిక్సెల్స్ పూర్తి తెలుపులో 6 ఆంప్స్ అడుగుతాయి. ఎవరో టెస్టు బటన్ నొక్కి తెలుపు ఎంచుకున్నారంటే ఫ్యూజు ఎగిరిపోవచ్చు. కంట్రోలర్‌లోనే పరిమితి ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

పొడవాటి దండ చివర తెలుపు కాస్తా గులాబీ రంగులోకో పసుపులోకో తిరిగిందంటే అక్కడ వోల్టేజీ పడిపోతోంది. దండ చివరి నుంచి కూడా ప్లస్, గ్రౌండ్ ఇవ్వాలి. దీన్నే పవర్ ఇంజెక్షన్ అంటారు. ఒకే సప్లై నుంచి ఇస్తే ఏ గొడవా లేదు. రెండో సప్లై నుంచి ఇచ్చేటప్పుడు మాత్రం రెండు భాగాల మధ్య ప్లస్ వైరు కత్తిరించండి, గ్రౌండు మాత్రం కలిసే ఉండాలి. గ్రౌండు కలవకపోతే డేటా అర్థంలేని మెరుపులుగా మారుతుంది. కనెక్టర్లు తీసినా పెట్టినా ముందు సప్లై ఆపండి. 120 వోల్టుల వైపు స్క్రూ టెర్మినల్స్ బిగించడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. బయటి ప్లగ్గు జీఎఫ్‌సీఐది (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) అయి తీరాలి. వాన పడ్డప్పుడు అది పడిపోతోందని దాన్ని తప్పించి వేరే ప్లగ్గుకు పెట్టేవాళ్లు ఉన్నారు. అది పడిపోయిందంటే ఎక్కడో నీళ్లు చేరాయని, ఆ చోటు వెతకండి.

ఇక నాకు ఇష్టమైన భాగం. పాటలకు లైట్లు కట్టడానికి ఎక్స్‌లైట్స్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, అది లాప్‌టాప్‌లో ఉంటుంది. షో నడిపేది మాత్రం లాప్‌టాప్ కాదు, రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు (ఇకమీదట 'పై' అంటే ఇదే) మీద వేసిన ఫాల్కన్ ప్లేయర్ అనే ప్రోగ్రాం. దాన్నే అందరూ ఎఫ్‌పీపీ అంటారు. ఎక్స్‌లైట్స్‌లో తయారైన ఫైలు పై లోకి వెళ్తుంది, పై దాన్ని చదువుతూ ఈథర్నెట్ తీగ మీద కంట్రోలర్‌కు పంపుతుంది, కంట్రోలర్ పిక్సెల్స్‌కు పంపుతుంది.

పై కి రెండు దారులు ఉండాలి. వైఫైతో అది ఇంటి నెట్‌వర్క్‌లో ఉంటుంది, మాది 192.168.1 తో మొదలవుతుంది. ఈథర్నెట్ వైపు షోకు మాత్రమే వేరే నెట్‌వర్క్: పై కి 192.168.50.10, కంట్రోలర్‌కు 192.168.50.20, రెండూ స్టాటిక్ (మారని అడ్రసులు), సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. పై లో ఈథర్నెట్ దగ్గర గేట్‌వే గడి ఖాళీగా వదిలేయండి. అక్కడ ఏదైనా రాస్తే పై బయటి ప్రపంచానికి దారి అటే అనుకుంటుంది, ఇంటర్నెట్ పోతుంది. రెండు వైపులా ఒకే వరుస నంబర్లు ఇవ్వడం ఇంకా పెద్ద గందరగోళం: ఏ ప్యాకెట్ (డేటా ముక్క) ఎటు వెళ్లాలో దానికే తెలియదు, కంట్రోలర్ ఒకసారి కనిపించి ఇంకోసారి మాయమవుతుంది. కంట్రోలర్ ఒక్కటే అయితే నెట్‌వర్క్ స్విచ్ కూడా అక్కర్లేదు, ఒక క్యాట్ సిక్స్ తీగ చాలు. బయట వేసే తీగ బయట వాడేందుకు చేసినదే కావాలి.

మరి లాప్‌టాప్ నుంచి కంట్రోలర్ పేజీ ఎలా తెరవాలి? ఎఫ్‌పీపీలో ప్రాక్సీ జాబితా ఉంది. అందులో 192.168.50.20 చేర్చితే పై మీదుగా ఆ పేజీ బ్రౌజరులో తెరుచుకుంటుంది. ఎక్స్‌లైట్స్‌లో కంట్రోలర్ వివరాలు నింపేచోట కూడా ఎఫ్‌పీపీ ప్రాక్సీ అనే గడి ఉంది, అందులో పై ఇంటి నెట్‌వర్క్ అడ్రసు రాయండి. సోఫాలో కూర్చునే అన్నీ అప్‌లోడ్ అవుతాయి.

డేటా పంపే భాష ఎంచుకోమంటుంది. పాతది ఈ1.31. అందులో చానళ్లను 512 చొప్పున యూనివర్సులుగా విడదీస్తారు, ఒక్కోదాంట్లో 170 పిక్సెల్స్ పడతాయి. మా 1300కు ఎనిమిది యూనివర్సులు. వాటి నంబర్లు ఎక్స్‌లైట్స్‌లోనూ కంట్రోలర్‌లోనూ సరిపోలకపోతే చెట్టు సగం గ్యారేజీ రంగులు చూపిస్తుంది. మీ కంట్రోలర్‌కు డీడీపీ అనే ఇంకో భాష వస్తే దాన్నే పెట్టుకోండి, యూనివర్సుల గొడవే లేదు, మొదటి చానల్ నుంచి వరుసగా పోతుంది. ఈ1.31 తప్పనిసరైతే మల్టీకాస్ట్ (ఒకేసారి చాలా పరికరాలకు పంపడం) వద్దు, యూనికాస్ట్ (ఆ కంట్రోలర్‌కే పంపడం) ఎంచుకోండి. మల్టీకాస్ట్ ఇంటి నెట్‌వర్క్‌లోకి చేరిందంటే వైఫై మీద ఉన్నవాళ్లంతా మీమీద అరుస్తారు.

ఎక్స్‌లైట్స్‌లో కంట్రోలర్స్ పేజీలో విజువలైజర్ తెరిచి, కాగితం మీద రాసుకున్నట్టే ఒక్కో బొమ్మను ఒక్కో పోర్టు మీదికి లాగండి. అప్‌లోడ్ నొక్కితే పోర్టు వివరాలు కంట్రోలర్‌లోకి వెళ్తాయి, ఇక కంట్రోలర్ పేజీలో చేత్తో మార్చకండి. ఆ తరువాత ఎక్స్‌లైట్స్‌లోనే ఉన్న ఎఫ్‌పీపీ కనెక్ట్‌తో పాటలూ అవుట్‌పుట్ వివరాలూ పై లోకి పంపండి. ఇదంతా ఒక దండతో డైనింగ్ టేబుల్ మీద చేసి చూసుకోండి. ఎరుపు అడిగితే ఆకుపచ్చ వచ్చిందా? అది రంగుల వరుస తేడా, ఆర్‌జీబీ బదులు జీఆర్‌బీ పెట్టండి.

వైఫై పిక్సెల్ బోర్డుల గురించి తప్పకుండా అడుగుతారు. ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డు మీద డబ్ల్యూఎల్‌ఈడీ అనే ప్రోగ్రాం వేస్తే చవగ్గా అయిపోతుంది, నిజమే. మొదటిసారి అది తనే డబ్ల్యూఎల్‌ఈడీ-ఏపీ అనే వైఫై చూపిస్తుంది, చేరి 4.3.2.1 తెరిస్తే సెట్టింగులు వస్తాయి. కిటికీలో ఒక నక్షత్రానికో తులసికోట చుట్టూ దండకో నేనూ వాడతాను. కానీ 1300 పిక్సెల్స్‌ను సెకనుకు నలభైసార్లు ఇటుక గోడ దాటించి వైఫైలో పంపడం వద్దు. దారిలో తప్పిన ప్యాకెట్‌ను ఎవరూ మళ్లీ పంపరు, ఆ క్షణానికి లైటు గడ్డకట్టినట్టు నిలబడిపోతుంది. తీగ వేయలేని చోటైతే అక్కడ ఇంకో పై పెట్టి, ఎఫ్‌పీపీలో రిమోట్ మోడ్ ఎంచుకోండి. పాట ఫైలు దాని దగ్గరే ఉంటుంది, వైఫైలో వెళ్లేది "ఇప్పుడు ఎక్కడున్నాం" అనే చిన్న సంకేతం మాత్రమే.

కంట్రోలర్ నుంచి మొదటి పిక్సెల్ దాకా డేటా వైరు పది పదిహేను అడుగుల్లో ఉంచండి. అంతకన్నా దూరమైతే డిఫరెన్షియల్ రిసీవర్ (దూరం నుంచి వచ్చే డేటాను దండ దగ్గర అందుకునే బోర్డు) వాడతారు. దాని తీగ అచ్చం ఈథర్నెట్ తీగే, ప్లగ్గూ అదే, కానీ అందులో పోయేది నెట్‌వర్క్ కాదు. నెట్‌వర్క్ స్విచ్‌కు గుచ్చకండి. నేను వాటికి ఎర్ర టేపు చుడతాను.

షెడ్యూలులో గంట రాయొద్దు, సూర్యాస్తమయం ఎంచుకోండి. దీపావళి అక్టోబరు ఇరవై ప్రాంతంలో వస్తే మాకు ఆరున్నర దాటాక గానీ పొద్దు గూకదు, మధ్యలో గడియారం ఒక గంట వెనక్కి వెళ్తుంది, డిసెంబరులో ఐదున్నరలోపే చీకటి. దీనికి పై లో మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు, టైమ్ జోన్ ఉండాలి. ఇంకోటి, పై 4 లాంటి వాటిలో సొంత గడియారం లేదు, టైము ఇంటర్నెట్ నుంచే తెచ్చుకుంటుంది. కరెంటు పోయి వచ్చాక ఇంటర్నెట్ రాకపోతే షెడ్యూలు గతి అంతే. చిన్న ఆర్‌టీసీ బోర్డు (బ్యాటరీతో నడిచే గడియారం) బిగిస్తే సరి.

పాట కోసం వీధిలో స్పీకర్లు పెట్టం. తక్కువ శక్తి ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ఉంటే కార్లో వినొచ్చు. ఇక్కడి రేడియో ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ లైసెన్సు లేకుండా ఒప్పుకునే దూరం సుమారు 200 అడుగులే, మాకు అదే ఎక్కువ.

సీజన్ మధ్యలో దండ సగంలో ఆగిపోతే రెండు పిక్సెల్స్‌ను అనుమానించండి: వెలగని వాటిలో మొదటిది, దానికి ముందు వెలుగుతున్న చివరిది. మొదటిదానికి డేటా లోపలికి రాకపోవచ్చు, లేదా రెండోది బయటికి పంపకపోవచ్చు. నిచ్చెన మీద ఉండగా తేల్చుకునే పని పెట్టుకోకుండా మేము రెండూ మార్చేస్తాం. మొదటి పిక్సెలే మిణుకుతుంటే డేటా వైరు పొడవు, గ్రౌండు చూడండి. అన్నీ ఒకేసారి ఆరిపోతే ముందు ప్లగ్గు.

ఇదే సామాను హైదరాబాద్‌లోనో గుంటూరులోనో తమ్ముడి ఇంటికి పంపాలనుకునేవాళ్లకు ఒక మాట. చాలా పవర్ సప్లైల పక్కన 115, 230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. అమెరికాలో 115 మీద ఉన్నదాన్ని అక్కడి 230 వోల్టుల ప్లగ్గుకు పెడితే ఆ సప్లై అక్కడికక్కడే పోతుంది. పెట్టెలో పెట్టకముందే ఇక్కడే 230కి జరిపి, దాని మీద టేపు అంటించి పంపండి.