చేపల కంటే ముందు మొక్కలు

నా మొదటి చేపల తొట్టిలో నీళ్లు అద్దంలా తేటగా ఉండేవి. అయినా వారం తిరగకముందే ఆరు గప్పీ చేపల్లో నాలుగు చచ్చిపోయాయి. మిగిలిన రెండూ నీటి పైకి వచ్చి నోరు తెరిచి కొట్టుకుంటుంటే టెన్షన్ పడిపోయి, నీళ్లన్నీ పారబోసి, రాళ్లనీ ఫిల్టర్ స్పాంజినీ కుళాయి కింద తళతళలాడేదాకా కడిగాను. తెల్లారేసరికి అవి కూడా పోయాయి. ఆ కడగడమే వాటి ప్రాణం మీదికి తెచ్చిందని చాలా రోజుల తర్వాత గానీ నాకు తెలియలేదు.

చేపల మలం, తినకుండా మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. నైట్రేట్ మరీ ఎక్కువైతే తప్ప హాని చేయదు, పైగా మొక్కలకు అదే ఎరువు. ఈ బ్యాక్టీరియా నీళ్లలో కంటే స్పాంజిని, రాళ్లను అంటిపెట్టుకునే ఎక్కువగా బతుకుతుంది. సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ తగిలితే చచ్చిపోతుంది. అందుకే ఎవరు అడిగినా నేను ఒకటే చెబుతాను: ముందు మొక్కలు పెట్టండి, నెల, నెలన్నర ఆగండి, ఆ తర్వాతే చేపలు తెండి.

తొట్టి విషయానికొస్తే, 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్నది తీసుకోండి. సుమారు 40 లీటర్లు పడుతుంది. ఇంకా చిన్నదైతే సులువనిపిస్తుంది గానీ, నీళ్లు తక్కువైనకొద్దీ చిన్న తేడా వచ్చినా చేపల మీద గట్టిగా పడుతుంది. నీటి బరువే 40 కిలోలు, రాళ్లూ గాజూ కలిస్తే 55 దాటుతుంది. కాబట్టి గట్టి బల్ల కావాలి, అది సమతలంగా ఉండాలి. కిటికీ ఎండ నేరుగా పడే చోటు వద్దు.

అడుగున రెండు మూడు మిల్లీమీటర్ల సన్న గులకరాళ్లు చాలు. ముందువైపు 3 సెంటీమీటర్లు, వెనకవైపు 6 ఉండేలా వాలుగా పరిస్తే వేళ్లకు చోటు దొరుకుతుంది, చూపుకు లోతూ వస్తుంది. పాలరాతి ముక్కలు, గవ్వలు వేయకండి. అవి మెల్లగా కరిగి నీటి కఠినత్వాన్ని పెంచుతాయి. రాయి మీద అనుమానముంటే వెనిగర్ చుక్క వేసి చూడండి, నురగ వస్తే పక్కన పెట్టేయండి. గులకరాళ్లలో పోషకాలేమీ ఉండవు కనుక వేళ్లతో తిండి లాక్కునే మొక్కల కింద ఎరువు బిళ్ల ఒకటి పాతాలి.

నీళ్లు సగం వరకే నింపి మొక్కలు నాటండి. రాళ్ల మీద ఒక ప్లేటు పెట్టి దాని మీద పోస్తే అడుగు చెదరదు. మొదటి తొట్టికి నేను ఎంచుకునేవి అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరైన్, వాలిస్నేరియా, హార్న్‌వర్ట్. వీటికి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అక్కర్లేదు, మామూలు ఎల్ఈడీ వెలుగు సరిపోతుంది. అనూబియాస్, జావా ఫెర్న్‌లకు అడ్డంగా పాకే లావుపాటి దుంప ఉంటుంది. దాన్ని రాళ్లలో పూడిస్తే కుళ్లిపోతుంది, అందుకే నూలు దారంతో చెక్కకో రాయికో కట్టాలి. దారం పోయేలోపు వేళ్లే పట్టుకుంటాయి. వాలిస్నేరియాను నాటేటప్పుడు ఆకులు మొదలయ్యే తెల్లటి మొదలు రాళ్ల పైకి కనిపించాలి. హార్న్‌వర్ట్‌కు వేళ్లే ఉండవు, అలా నీళ్లలో వదిలేయండి. అది వేగంగా పెరుగుతూ అమ్మోనియాను పీల్చేసుకుంటుంది కాబట్టి కొత్త తొట్టికి ఎంతో మేలు.

క్రిప్టోకోరైన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని అనవసరంగా పీకి పారేస్తారు. నాటిన వారం పది రోజులకు దాని ఆకులు అద్దంలా పలచబడి, ముట్టుకుంటే వేళ్లకు జిగురుగా అంటుకుని విడిపోతాయి. నేనూ అలాగే చచ్చిందనుకుని ఒకదాన్ని పైకి లాగాను. కింద వేళ్లు తెల్లగా, బిగువుగా ఉన్నాయి. మధ్యలో గుండుసూది తలంత గోధుమరంగు చిగురు పొడుచుకొస్తోంది. వెంటనే మళ్లీ అక్కడే నాటాను. చోటు మారినా నీరు మారినా పాత ఆకులు వదిలేసి కొత్త నీటికి తగ్గ ఆకులు వేసుకోవడం దాని పద్ధతి. మెత్తబడిన ఆకులు కత్తిరించి తీసేయండి, వేళ్లను మాత్రం కదపకండి.

లైటుకు టైమర్ పెట్టండి. మొదటి నెల రోజుకు ఆరు గంటలే, మొక్కలు కుదురుకున్నాక ఎనిమిది దాకా పెంచొచ్చు. రెండో మూడో వారంలో ఆకుల మీదా అద్దం మీదా గోధుమరంగు పొడి లాంటి పాచి పడుతుంది. వేలితో తుడిస్తే పోతుంది, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఆకుపచ్చ పాచి ముదురుతుంటే మందులు వెతక్కండి, ముందు లైటు గంట తగ్గించి చూడండి.

చేపల్లేని ఆ నెలలో బ్యాక్టీరియాకు తిండి కావాలి కదా. రోజూ చిటికెడు మేత వేస్తే అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. నీళ్ల పరీక్ష కిట్ తప్పకుండా కొనండి. మేత వేస్తున్నా అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరుసగా వారం పాటు సున్నా చూపిస్తే తొట్టి సిద్ధమైనట్టే. సగం నీళ్లు మార్చి, అప్పుడు చేపలు తెచ్చుకోండి.

40 లీటర్లలో ఎనిమిది ఎంబర్ టెట్రాలు హాయిగా బతుకుతాయి. పూర్తిగా పెరిగినా రెండు సెంటీమీటర్లే ఉంటాయి. లేదంటే ఒక్క బెట్టా చేపను పెట్టుకోవచ్చు. గోల్డ్‌ఫిష్ ఎంత ముచ్చటేసినా ఇందులో వద్దు, అది జానెడు దాటి పెరిగే చేప. టెట్రాలను నాలుగు చొప్పున రెండు విడతలుగా వదిలితే బ్యాక్టీరియా తట్టుకుంటుంది. మేత రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. వారానికో రోజు పస్తు పెట్టినా ఏమీ కాదు.

ఇక వారానికోసారి చేసే పని అరగంటకు మించదు. సైఫన్ పైపుతో 10 లీటర్లు బకెట్లోకి తీయండి. ఫిల్టర్ స్పాంజి నీరసంగా బుడగలు వదులుతుంటే ఆ బకెట్ నీళ్లలోనే రెండు మూడు సార్లు పిండండి, కుళాయి కింద ఎప్పుడూ వద్దు. కొత్త నీళ్లు తొట్టి నీళ్లంత వెచ్చగానే ఉండాలి, క్లోరిన్ విరిచే మందు కలపాలి. ఒక రోజు నిల్వ ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ, దానికి బదులు కొన్నిచోట్ల కలిపే క్లోరమైన్ పోదు, అందుకే మందే నయం. ఆవిరైనంత నీళ్లు పోస్తున్నాం కదా అని మార్చడం మానకండి. ఆవిరయ్యేది నీరొక్కటే, లవణాలూ నైట్రేటూ లోపలే పేరుకుంటాయి.

ఆకుల్ని చూడటం అలవాటు చేసుకోండి. పాత ఆకులు పసుపెక్కితే నత్రజని తక్కువ. పాత ఆకుల్లో సూది బెజ్జాలు పడితే పొటాషియం లోపం కావచ్చు. కొత్త చిగురు పాలిపోతే ఇనుము వైపు చూడాలి. ద్రవ ఎరువు డబ్బా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి. రొయ్యలుంటే ఏ మందు వేసినా అందులో రాగి లేదని చూసుకున్నాకే వేయాలి, రాగి ఎక్కువైతే అవి బతకవు.

తొట్టి పెట్టి మూడు నాలుగు నెలలయ్యాక, మొక్కలు గుబురుగా అల్లుకున్నాక, నేను పది చెర్రీ రొయ్యలు వదిలాను. కొన్నాళ్లకు ఒకదాని పొట్ట కింద పసుపు గుడ్ల గుత్తి కనిపించింది. అది కాళ్లతో వాటిని ఆపకుండా విసురుతూ ఉండేది. మూడు నాలుగు వారాలకు హార్న్‌వర్ట్ కొమ్మల్లో రెండు మిల్లీమీటర్ల పిల్లలు, గాజు ముక్కల్లా, కళ్లు మాత్రం నల్లగా. అప్పటినుంచి తీసిన నీళ్లు వెంటనే పారబోయను. బకెట్ పది నిమిషాలు కదపకుండా ఉంచి, పక్కనుంచి టార్చి వేసి చూస్తాను. ఏదో ఒకటి కదులుతుంది. దాన్ని చెంచాతో నీళ్లతో సహా తీసి తొట్టిలో వదిలి, ఇంకోసారి టార్చి తిప్పి, ఆ తర్వాతే బకెట్ ఎత్తుతాను.