దుబాయ్‌కి మొదటిసారి పోయే తమ్ముళ్ళకు, బ్యాగు కట్టే ముందే

పన్నెండేళ్ళు దుబాయ్‌లో పనిచేసి పోయిన ఏడాది జగిత్యాల వచ్చేశాను. మా గల్లీలో ఎవరు బయల్దేరినా ముందు రోజు రాత్రి వచ్చి అడిగేది ఒకటే: అన్నా, ఏమేం తీసుకుపోవాలి? నేను మాత్రం ఏం తీసుకుపోవద్దో ముందు చెప్తాను, ఎందుకంటే ఊళ్ళో మనం మామూలు అనుకునేది అక్కడ కేసు అవుతుంది.

గసాలు వద్దు. అమ్మ కట్టిచ్చే సకినాలతో టెన్షన్ లేదు కానీ, మటన్‌లోకి అని దంచి ఇచ్చే మసాలాలో గసాలు కలుస్తాయి చూడండి, మనకు అవి కిరాణం సరుకు, దుబాయ్ ఉన్న దేశం యూఏఈలో మాత్రం నిషేధం. వేరే దంచమని అమ్మకు చెప్పండి. నొప్పుల గోలీలదీ ఇదే సంగతి. ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గు మందు లాంటివి తప్పనిసరిగా వాడాల్సి ఉంటే, డాక్టర్ చీటీ పెట్టి అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందే అనుమతి తీసుకోవాలి. ఇక పక్కింటివాళ్ళు మా అన్నకు ఇవ్వు బిడ్డా అని పొట్లం చేతిలో పెడితే, వాళ్ళ ముందే విప్పి చూడండి. ఇందులో మొహమాటం వద్దు, దొరికితే జైల్లో ఉండేది మీరే.

విజిట్ మీద పో తమ్మీ, అక్కడికి పోయినంక కంపెనీ వీసా చేయిస్తా అనే ఏజెంటును అస్సలు నమ్మొద్దు. విజిట్ వీసా మీద పని చేయడం నేరం, గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు జరిమానా, అట్లా ఖల్లివల్లి అయినవాళ్ళు, అంటే కాగితాలు లేకుండా అక్కడే ఉండిపోయినవాళ్ళు, ఇంటికి రాలేక ఏడ్వడం నేను చూశాను. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కింద ఉంటుంది, పని మీద పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే మన సర్కారు అనుమతి కావాలి. దాంతో పాటు చేయించే ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు, పన్ను వేరే. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్ళకు 10 లక్షలు వస్తాయి. విజిట్ మీద పోతే ఇదేదీ ఉండదు. లైసెన్స్ ఉన్న ఏజెంటు 30 వేలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు.

దిగినంక పాస్‌పోర్టు ఎవరికీ అప్పగించొద్దు. కంపెనీ దాన్ని తన దగ్గర పెట్టుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. ఈ సంగతి తెలియక నేను అడగంగనే ఇచ్చేశాను, మా బాపు పోయినప్పుడు అది నా చేతికి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆఖరి చూపు దక్కలేదు. అందుకే చెప్తున్నా, పాస్‌పోర్టు, వీసా, కంపెనీ అగ్రిమెంటు ఫొటోలు తీసి ఇంట్లో ఒకరికి ముందే పంపండి.

మెట్రోలో తిన్నా, మంచినీళ్ళు తాగినా 100 దిర్హాముల జరిమానా. అడగకుండా ఎవరి ఫొటో తీయొద్దు, ఆడవాళ్ళది అసలే వద్దు. వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది కానీ కాల్ కలవదు, ఇంటివాళ్ళ ఫోన్‌లో బోటిమ్ అనే కాలింగ్ యాప్ వేసి పోండి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని రూలు ఉంది, పొమ్మంటే ఆ మాట ధైర్యంగా చెప్పండి.

జీతం ఆగినా, పాస్‌పోర్టు ఇవ్వకపోయినా దుబాయ్‌లో మన సర్కారు నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 నంబరుకు ఫోన్ చేయండి, పైసలు పడవు. ఆ నంబరు కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకోండి, ఫోన్ పోయినా రూమువాళ్ళ ఫోన్ నుంచి చేయొచ్చు.