పైలట్ శిక్షణకు కళాశాలను ఎంచుకోవడం ఎలా?

విమానం నడిపే ఉద్యోగానికి చట్టం అడిగేది కమర్షియల్ పైలట్ లైసెన్సును. మన దేశంలో దాన్ని ఇచ్చేది డీజీసీఏ, అంటే పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ. డిగ్రీ ఉంటే మంచిదే, లేకపోయినా లైసెన్సు వస్తుంది. అందుకే విజయవాడలోనో గుంటూరులోనో ఏవియేషన్ డిగ్రీ ప్రకటన కనిపిస్తే ముందు ఒక్క మాట అడగండి: ఇందులో విద్యార్థి స్వయంగా విమానం నడిపే గంటలు ఎన్ని? చాలా బీబీఏ కోర్సులు విమానాశ్రయ నిర్వహణ నేర్పుతాయి. అవి చెడ్డవేమీ కావు, కాక్‌పిట్‌లోకి మాత్రం తీసుకెళ్లవు.

ఎక్కడా రూపాయి కట్టకముందే వైద్య పరీక్ష చేయించుకోండి. డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర మొదట క్లాస్ 2, తరువాత క్లాస్ 1. క్లాస్ 1 వైద్య ధ్రువపత్రం లేనిదే కమర్షియల్ లైసెన్సు రాదు. కళ్లద్దాలు పెట్టుకున్నంత మాత్రాన అనర్హులు కారు. రంగులను గుర్తించడంలో లోపం ఉంటే మాత్రం చిక్కే. అడ్వాన్సు కట్టాక ఆ సంగతి తెలిస్తే, డబ్బు వెనక్కి తెచ్చుకోవడానికి తిరిగే తిరుగుడు వేరు.

తరువాత కాగితాలు. ఇంటర్‌లో భౌతికశాస్త్రం, గణితం చదివి ఉండాలి కనుక ఎంపీసీ వారికి ఇబ్బంది లేదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మన వైపు మామూలే. దాన్ని ఇప్పుడే సరిచేయించండి. డీజీసీఏ పరీక్షలకు కంప్యూటర్ నంబరు (అభ్యర్థి నమోదు సంఖ్య) తీసుకునేటప్పుడు ఇవన్నీ సరిపోలాలి.

ఇక బడి ఎంపిక. డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఆమోదం పొందిన శిక్షణ సంస్థల జాబితా ఉంటుంది. అందులో లేని పేరును పక్కన పెట్టేయండి. 2025 అక్టోబరు నుంచి ఈ సంస్థలకు ఏడాదికి రెండుసార్లు ర్యాంకులు కూడా ఇస్తున్నారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ కావాలంటే ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది. అందులో చేరడానికి ప్రవేశ పరీక్ష రాయాలి.

ర్యాంకు చూసి ఊరుకోవద్దు, లెక్క కట్టండి. లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ఒక సంస్థలో 150 మంది విద్యార్థులు ఉన్నారనుకుందాం. మొత్తం 30,000 గంటలు కావాలి. ఎగరగలిగే విమానాలు పది, ఒక్కోటి రోజుకు ఐదు గంటల చొప్పున ఏడాదిలో 250 రోజులు ఎగిరితే వచ్చేవి 12,500 గంటలే. అంటే ఏడాదిన్నరలో పూర్తి చేయిస్తామన్న కోర్సుకు దాదాపు రెండున్నరేళ్లు పడుతుంది. సిమ్యులేటర్ గంటలు కొన్ని కలిసినా తేడా పెద్దగా తగ్గదు. హ్యాంగర్‌లో విడిభాగాల కోసం ఎదురుచూస్తున్న విమానాలను ఈ లెక్కలో చేర్చకండి, కరపత్రంలో అవీ ఉంటాయి. శిక్షకులు ఎందరో, వానాకాలంలో, ఉత్తరాదిన అయితే శీతాకాలపు పొగమంచులో, ఎన్ని రోజులు ఖాళీగా పోతాయో కూడా అడగాలి.

ఈ జవాబులు ఫోనులో దొరకవు. విజయవాడ నుంచి, శిక్షణ సంస్థ ఉన్న మహారాష్ట్రలోని గోందియాకో మరో చోటికో రైలెక్కి వెళ్లి రండి. కట్టబోయే ఫీజు ముందు ఆ ఖర్చు ఒక లెక్కే కాదు. ఆఫీసులో కూర్చోబెట్టి చూపించే వీడియో కన్నా, బయట టీ దుకాణం దగ్గర సీనియర్లు చెప్పే మాట విలువైనది. గత నెలలో ఎన్ని గంటలు ఎగిరారో వారి లాగ్‌బుక్ చూపించమనండి.

నావిగేషన్, వాతావరణ శాస్త్రం, నిబంధనలు, సాంకేతిక అంశాల రాత పరీక్షల్లో ఒక్కోదానిలో 70 శాతం రావాలి. వీటిని ఇంటి దగ్గరే చదివి ముందుగా గట్టెక్కితే హాస్టల్ ఖర్చు చాలా మిగులుతుంది.

డబ్బు విషయానికొస్తే, మొత్తం 50 లక్షల రూపాయలు దాటవచ్చు. ఎయిర్‌బస్ వంటి పెద్ద విమానానికి టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడిపే ప్రత్యేక అర్హత, ఖర్చు దీనికి అదనం. అమెరికాలోనో మరో దేశంలోనో శిక్షణ పొందితే, తిరిగొచ్చాక ఇక్కడి పరీక్షలు రాసి లైసెన్సును మార్పించుకోవాలి. ఇంత పెద్ద రుణానికి బ్యాంకులు సాధారణంగా హామీ అడుగుతాయి. పొలం కాగితాలు అక్కడ పెట్టేముందు ఫీజు ఒప్పందాన్ని అక్షరం వదలకుండా చదవండి. ఎగిరిన గంటలను బట్టి వాయిదాలు కట్టే పద్ధతి ఉండాలి, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో రాసి ఉండాలి. ఉద్యోగం ఖాయమని నోటితో చెప్పేవారిని ఆ మాటను కూడా ఒప్పందంలో రాయమనండి.