వరి మీద వాదన పెట్టడం ఎలా: మార్కెట్, ప్రణాళిక, పౌరుడి బాధ్యత

స్వేచ్ఛా మార్కెట్ మేలా, ప్రభుత్వ ప్రణాళిక మేలా అని అంశం పెడితే పది నిమిషాల్లో సభ సోవియట్ రష్యాకో అమెరికాకో వెళ్లిపోతుంది. ఒకరు స్టాలిన్ పేరెత్తుతారు, ఇంకొకరు అంబానీ పేరెత్తుతారు. గంటన్నర గడిచాక వచ్చినవాళ్లు వచ్చిన అభిప్రాయంతోనే ఇంటికి పోతారు. డిగ్రీ కాలేజీలోనో, గ్రంథాలయంలోనో, రైతు సంఘం శిక్షణ తరగతిలోనో ఈ చర్చ పెట్టాలనుకుంటే ముందు దాన్ని ఒక పంటకూ, ఒక నిర్ణయానికీ కట్టేయండి. మన దగ్గర అందుకు వరిని మించిన పంట లేదు. దాని ధర ప్రకటించేది కేంద్రం, ధాన్యం కొనేది రాష్ట్రం, మర ఆడించేది ప్రైవేటు మిల్లరు, బియ్యం తినేది రేషన్ కార్డుదారు. మార్కెట్, ప్రణాళిక రెండూ ఒకే బస్తాలో ఉన్నాయి.

అంశం ఒక్క వాక్యంలో రాయండి. ఎవరు ఏ నిర్ణయం తీసుకోకూడదో, దాని బదులు ఏం చేయాలో అందులోనే ఉండాలి. పనికొచ్చే వాక్యం ఒకటి: "ఏ పంట వేయాలో ప్రభుత్వం రైతుకు చెప్పకూడదు, ధర చూపించి ఊరుకోవాలి." దీనికి తెలంగాణ అనుభవమే చాలు. 2020 వానాకాలంలో రాష్ట్ర ప్రభుత్వం నియంత్రిత సాగు అంది. మొక్కజొన్న వద్దు, పత్తి, కంది, సన్న వడ్లు వేయండి అని చెప్పింది, చెప్పిన పంట వేయకపోతే రైతుబంధు పెట్టుబడి సాయం రాదని హెచ్చరించింది. ఆ డిసెంబరులోనే ఆ విధానాన్ని వదిలేసింది. 2021-22 యాసంగికి (రబీకి) ఉప్పుడు బియ్యం, అంటే వడ్లను ఉడికించి ఆడించిన బియ్యం, తీసుకోబోమని కేంద్రం అనడంతో, కొనుగోలు కేంద్రాలు పెట్టం, వరి వేయొద్దు అని రాష్ట్రం చెప్పింది. చివరికి 2022 ఏప్రిల్‌లో మళ్లీ కొనడానికి ఒప్పుకుంది. 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇస్తోంది, 2025 ఉగాది నాడు రేషన్‌లో సన్నబియ్యం మొదలుపెట్టింది. రాష్ట్రం ఒకటే, పంట ఒకటే. ఒకసారి ఆదేశం, ఒకసారి కొనబోమనే హెచ్చరిక, ఒకసారి ధర. వాదనకు ఇంత అనువైన ఉదాహరణ పుస్తకాల్లో వెతికినా దొరకదు.

ఆంధ్రలో పెట్టేవాళ్లు 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు ప్రకటించిన క్రాప్ హాలిడేను తీసుకోవచ్చు. ధర గిట్టక రైతే సాగు మానేస్తే అది మార్కెట్ ఇచ్చిన తీర్పా, ప్రణాళిక వైఫల్యమా అన్న ప్రశ్న అక్కడ తిన్నగా వస్తుంది.

ఒక నియమం మొదటే చెప్పేయండి: పార్టీల పేర్లు, నాయకుల పేర్లు వద్దు. "2020 ప్రభుత్వం", "2024 ప్రభుత్వం" అని మాత్రమే అనాలి. ఈ నియమం లేకపోతే అయిదో నిమిషానికి అది ఎన్నికల సభ అయిపోతుంది, మళ్లీ దారికి తేవడం ఎవరి వల్లా కాదు.

వాస్తవాల కాగితం

వారం ముందే రెండు జట్లకూ (అంశానికి అవుననే మార్కెట్ వైపు, కాదనే ప్రణాళిక వైపు) ఒకే కాగితం ఇవ్వండి. ఎ4 సైజు, ఒక వైపే. అందులో ఉన్న అంకెల మీద సభలో తగువు ఉండకూడదు. వాటి అర్థం మీదే తగువు. వరికి ఈ కింది అంకెలు ఉంటే చాలు.

మద్దతు ధర: సాధారణ రకానికి 2023-24లో క్వింటాకు 2,183, 2024-25లో 2,300, 2025-26లో 2,369 రూపాయలు. ఎ గ్రేడుకు ప్రతి ఏడాదీ 20 రూపాయలు ఎక్కువ. ఈ ధర ఎలా వచ్చిందో కూడా రాయండి, ఎందుకంటే సగం గొడవ ఇక్కడే. 2025-26కు కేంద్రం లెక్కగట్టిన ఖర్చు క్వింటాకు 1,579, దానికి సగం కలిపితే 2,369. ఆ ఖర్చులో విత్తనం, ఎరువు, కూలి, కట్టిన కౌలు, ఇంటిల్లిపాది శ్రమ ఉంటాయి. సొంత భూమికి రావాల్సిన కౌలు, సొంత స్థిర పెట్టుబడి మీద వడ్డీ ఉండవు. అవి కూడా కలపాలన్నదే స్వామినాథన్ కమిషన్ పేరు చెప్పి రైతు సంఘాలు అడుగుతున్నది. ఒక జట్టు ఒక లెక్కా, ఇంకో జట్టు ఇంకో లెక్కా పట్టుకుని "ఒకటిన్నర రెట్లు ఇస్తున్నారు", "ఇవ్వడం లేదు" అని అరుచుకుంటే ఇద్దరూ నిజమే చెబుతున్నారని సభకు తెలియదు. పైగా ఇది దేశమంతటికీ కట్టిన సగటు. ఎకరానికి పెద్ద మొత్తంలో కౌలు కట్టే రైతు ఖర్చు ఆ సగటులో కరిగిపోతుంది.

కొనుగోలు: తేమ 17 శాతం మించకూడదు. క్వింటా ధాన్యానికి మిల్లరు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలి. యాసంగి పంట కోతకొచ్చేసరికి ఎండలు ముదురుతాయి, ఆ వడ్లను పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువ పడుతుంది. తెలంగాణలో ఉప్పుడు బియ్యం తగువంతా ఈ నూక దగ్గరే పుట్టింది. ఈ ఒక్క విషయం తెలియకపోతే 2021-22 గొడవ ఎవరికీ అర్థం కాదు.

రేషన్: 2013 ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు, 2023 జనవరి నుంచి ఉచితం.

కాగితంలో చేర్చకూడని అంకె ఒకటుంది. దేశంలో మద్దతు ధరకు అమ్ముకునేది 6 శాతం రైతులే అని 2015లో శాంతకుమార్ కమిటీ నివేదిక చెప్పింది. అది దేశం మొత్తం రైతులను కలిపి వేసిన లెక్క. ఊరూరా కొనుగోలు కేంద్రాలున్న తెలంగాణ వరికి అది అతకదు. అయినా మార్కెట్ వైపు జట్టు దాన్ని తప్పకుండా తెస్తుంది. తెస్తే అధ్యక్షుడు ఒక్క మాటలో సరిచేయాలి.

సమయం

తొంభై నిమిషాలు చాలు. జట్టుకు ముగ్గురు. మొదటి ఇద్దరూ అయిదేసి నిమిషాలు మాట్లాడతారు, ప్రతి ప్రసంగం తర్వాత ఎదుటి జట్టు రెండు నిమిషాలు ప్రశ్నలు వేస్తుంది. అది 28 నిమిషాలు. తర్వాత 7 నిమిషాలు అంకెల సవరణకు. 20 నిమిషాలు బాధ్యత వంతుకు (తానేం చేస్తాడో ప్రతి వక్తా చెప్పే భాగం), 20 సభికుల ప్రశ్నలకు. మూడో వక్తలు నాలుగేసి నిమిషాల్లో ముగిస్తారు. మిగిలిన 7 నిమిషాలు ఓటుకు. సభికుల ప్రశ్న ముప్పై సెకన్లు దాటితే ఆపేయండి. దాటిందంటే అది ప్రశ్న కాదు, ఏడో ప్రసంగం.

మార్కెట్ వైపు జట్టు ఎలా తయారవ్వాలి

వీళ్ల బలమైన వాదన "ప్రభుత్వం చేతగానిది" అన్నది కాదు. 1920లో మీసెస్, 1945లో హయెక్ అనే ఆర్థికవేత్తలు లేవనెత్తినది: ఏ చేనులో నీరు నిలుస్తుంది, ఏ బోరు మార్చిలో ఎండిపోతుంది, ఏ ఊళ్లో కూలీలు దొరుకుతారు అన్న సమాచారం లక్షలమంది తలల్లో చెల్లాచెదురుగా ఉంటుంది. దాన్ని ఒక ఆఫీసు పోగుచేయలేదు. ధర మాత్రం దాన్ని మోసుకొస్తుంది. 2020లో ఈ వాదనకు చేతికందే రుజువు ఉంది. నీరు నిలిచే పల్లపు నేలలో కంది వేయమంటే రైతు ఏం చేస్తాడు? చెప్పినట్టే సన్నాలు వేసినవాళ్లు ఆ అక్టోబరు వానలకు దెబ్బతిని, ఎక్కువ ధర ఇవ్వమని అడిగారు. దారి చూపినవాళ్లు ఆ నష్టాన్ని మోయలేదు. ఈ చివరి వాక్యం మీద నిలబడితే ఎదుటి జట్టుకు జవాబు చెప్పడం కష్టం.

మార్కెట్ వాదం పరాయి సరుకు అని ఎదుటివాళ్లు అంటే 1959 గుర్తుచేయండి. ఆ జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సహకార సమష్టి సాగును తీర్మానిస్తే, రైతు భూమి రైతు చేతిలోనే ఉండాలని ఎదురు నిలిచినవాళ్లలో నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా ఒకరు. అదే ఏడాది రాజాజీ తదితరులతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి తొలి అధ్యక్షుడయ్యారు. పార్టీ పేర్ల నిషేధం నుంచి ఈ ఒక్కదాన్నీ చరిత్రగా మినహాయించవచ్చు.

ఈ జట్టు కూలిపోయే చోటు ఒకటే, అక్కడికి ముందే జవాబు రాసుకోవాలి. యాసంగి వరి రైతు చూస్తున్న ధర మార్కెట్ ధర కాదు. మద్దతు ధర ప్రభుత్వానిది, కాలువ ప్రభుత్వానిది, బోరుకు కరెంటు ఉచితం. ఈ మూడింటినీ ఉంచి "రైతు ఇష్టం" అంటే అది స్వేచ్ఛా మార్కెట్ కాదు. మూడింటినీ తీసేయమంటారా? తీసేయమనే ధైర్యం ఉంటే అనాలి, లేదంటే ఏది ఉంచాలో చెప్పాలి. ఊరికే దాటేస్తే ఓడిపోతారు.

ప్రణాళిక వైపు జట్టు

వీళ్లు ఎక్కువగా చేసే తప్పు రైతు కష్టాలు ఏకరువు పెట్టడం. కష్టం ఉందని అందరికీ తెలుసు. ప్రణాళిక దాన్ని ఎలా తీరుస్తుందో చెప్పాలి. వీళ్ల బలమైన వాదన ఇది: కోతలప్పుడు ప్రతి రైతూ ఒకే వారంలో అమ్ముతాడు, ధాన్యం తడిస్తే మొలకెత్తుతుంది, అప్పు వాయిదా ఆగదు. ఆ వారంలో కొనేవాళ్లు నలుగురే ఉంటే ధర వాళ్లు చెప్పిందే. అక్కడ ధర సమాచారాన్ని మోయదు, బలాన్ని మోస్తుంది. కొనుగోలు కేంద్రం ఆ బలాన్ని సమం చేస్తుంది. ఎఫ్.సి.ఐ.ని (భారత ఆహార సంస్థను) 1965లో పెట్టింది కూడా తిండిగింజల కొరతతో దేశం విదేశీ ధాన్యపు ఓడల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లోనే.

సిద్ధాంతం కావాలంటే 1930లలో ఆర్థికవేత్త ఆస్కార్ లాంగే ఇచ్చిన జవాబు తీసుకోండి. ప్రణాళిక చేసేవాళ్లకు అన్నీ తెలియనక్కర్లేదు. గోదాము చూసి ధర సవరిస్తే చాలు: నిల్వ పెరిగితే ధర తగ్గించాలి, తరిగితే పెంచాలి. అయితే ఇది రెండువైపులా పదునున్న కత్తి. మన దేశంలో గోదాములు నిండినా మద్దతు ధర తగ్గదు, తగ్గించే ప్రభుత్వం నిలవదు. ప్రణాళిక వైపు నిజాయితీగా వాదించేవాళ్లు ఈ చిక్కును దాచకుండా, 2024 బోనస్ లాంటి దారి చూపించాలి. వరి ధర తగ్గించకుండా, కావలసిన రకానికి మాత్రం ధర కలిపి పంటను తిప్పడం. అది ప్రణాళికేనా, మార్కెట్టేనా అన్న దగ్గరే చర్చ పాకానపడుతుంది.

కరువులు తప్పకుండా వస్తాయి. ఒకరు 1943 బెంగాల్ అంటారు, ఇంకొకరు 1959-61 చైనా అంటారు. నిషేధించకండి, కానీ జట్టుకు ఒక్కసారే, అదీ ఎలా జరిగిందో చెబితేనే. బెంగాల్‌లో బియ్యం ధర కూలిని దాటి పరుగెత్తింది, కూలీలు కొనలేకపోయారు. యుద్ధకాలపు ధాన్య సేకరణ, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి ధాన్యం వెళ్లకుండా పెట్టిన అడ్డంకులు దాన్ని ముదిర్చాయి. చైనాలో కిందిస్థాయి అధికారులు పంట దిగుబడిని పెంచి రాశారు, ఆ అబద్ధపు లెక్క ప్రకారం ధాన్యం తీసుకెళ్లారు, ఊళ్లో తిండి మిగల్లేదు. ఇలా చెప్పినప్పుడే వరికి దారి దొరుకుతుంది: మన ఊరి కొనుగోలు లెక్కను ఎవరు రాస్తున్నారు, ఎవరు సరిచూస్తున్నారు?

బాధ్యత వంతు

ఈ ఇరవై నిమిషాలూ మిగతా చర్చ కంటే ముఖ్యం, పాడయ్యేది కూడా ఎక్కువగా ఇక్కడే. "ప్రజలు మారాలి" అన్న ఉపన్యాసం ఒకటి, "అంతా పైవాళ్ల తప్పు" అన్న ఉపన్యాసం ఒకటి వస్తాయి. రెండూ ఎవరి మెడకూ ఏమీ చుట్టవు. ఆరుగురు వక్తలకూ మూడు నిమిషాల చొప్పున ఇచ్చి, మిగిలిన రెండు నిమిషాలు అధ్యక్షుడు ఉంచుకోవాలి. ప్రతి ఒక్కరూ నాలుగింటికి జవాబివ్వాలి: నేను పట్టించుకునే నిర్ణయం ఏది, అది ఎవరి చేతిలో ఉంది, నేను ఏ తేదీలోపు ఏం చేస్తాను, అందువల్ల నేను ఏం పోగొట్టుకోవచ్చు.

రెండో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది తడబడతారు. మద్దతు ధర కేంద్రానిది. కొనుగోలు రాష్ట్ర పౌర సరఫరాల సంస్థది, కొనుగోలు కేంద్రాలు నడిపేది మహిళా సంఘాలు, సహకార సంఘాలు. బస్తాకు ఇన్ని కిలోలని తరుగు తీస్తున్నారంటే ఆ నిర్ణయం ఢిల్లీలో జరగలేదు, మీ మండలంలోనే జరిగింది. తరుగు గురించి ఢిల్లీని తిట్టడం తేలిక, ఊళ్లో కాంటా దగ్గర నిలబడి తూకం చీటీ అడగడం కష్టం. సమాచార హక్కు చట్టం కింద ఒక సీజన్‌లో ఏ కేంద్రంలో ఎంత కొన్నారు, ఏ మిల్లుకు పంపారు, ఎంత బియ్యం తిరిగొచ్చింది అని అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. సహకార సంఘంలో సభ్యుడైతే పాలకవర్గం ఎన్నికలో ఓటుంటుంది. గ్రామసభలో ప్రశ్నను తీర్మానంగా రాయించవచ్చు. ఇలాంటి జవాబులే లెక్కలోకి తీసుకోండి. "మంచి బియ్యమే కొంటాను" అన్నది వినియోగదారుడి ఎంపిక, దాన్ని రాజకీయ బాధ్యతగా ఒప్పుకోకండి.

బాధ్యత అందరికీ ఒకే కొలత కాదు. రెండెకరాల కౌలు రైతు మిల్లరు మీద ఫిర్యాదు చేస్తే వచ్చే ఏడు కౌలు దొరకకపోవచ్చు. జీతం ఉన్న లెక్చరర్ చేస్తే పెద్దగా పోయేదేమీ లేదు. నాలుగో ప్రశ్న పెట్టింది ఇందుకే. పోగొట్టుకునేది తక్కువ ఉన్నవాళ్లు ఎక్కువ మోయాలని సభలో ఎవరో ఒకరు అనేదాకా అధ్యక్షుడు ఆ ప్రశ్నను వదలకూడదు.

ఓటు

మొదలుపెట్టేముందు ఒకసారి, చివర్లో ఒకసారి చీటీలు వేయించండి. ప్రతి చీటీ మీద వరుస సంఖ్య, అవును, కాదు, తేల్చుకోలేదు అన్న మూడు గడులు, కింద ఒక గీత: "నా అభిప్రాయాన్ని కదిపిన అంకె లేదా వాదన." ఎవరు ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారన్నది కాదు, ఎందరు కదిలారన్నది లెక్కించండి. ఒక్కరూ కదలకపోతే తప్పు వక్తలది కాకపోవచ్చు, చాలాసార్లు అంశం వాక్యమే మరీ వెడల్పుగా ఉంటుంది. దాన్ని ఒక సీజన్‌కో ఒక జిల్లాకో కుదించి మళ్లీ పెట్టండి. బాధ్యత వంతులో వక్తలు చెప్పిన తేదీలు ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డుకు అంటించండి. మద్దతు ధర సాధారణంగా వానాకాలం మొదట్లో ప్రకటిస్తారు కాబట్టి వాస్తవాల కాగితాన్ని ఏటా అప్పుడు మార్చుకోవాలి. చర్చను మాత్రం కోతలు, కొనుగోళ్ల వారాల్లో పెట్టకండి. ఆ రోజుల్లో మాట్లాడాల్సినవాళ్లంతా కల్లాల దగ్గర ఉంటారు.