నాగార్జునకొండ లాంచీ చరిత్రను రాయడం ఎలా

నాగార్జునసాగర్ జలాశయంలో విజయపురి సౌత్ రేవు నుంచి నాగార్జునకొండకు నడిచే లాంచీ గురించి రాయదలచినవారు ముందుగా ఒక విషయాన్ని మనసులో నిలుపుకోవాలి. నీట మునగబోయే లోయలోంచి తవ్వి తీసిన శిల్పాలను, కట్టడాలను కొండమీదికి చేర్చిన తరువాతే అక్కడికి జనాన్ని తీసుకువెళ్లే లాంచీ అవసరమైంది. అందువల్ల కథను లాంచీతో కాక లోయతోనే మొదలుపెట్టడం మంచిది.

లోయ కాలక్రమం కష్టం లేకుండానే దొరుకుతుంది. 1926లో బౌద్ధ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1927 నుంచి 1931 వరకు పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపారు. ఆనకట్టతో ముంపు ఖాయమనుకున్నాక, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయను విస్తృతంగా తవ్వారు. ఈలోగా 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఎంపిక చేసిన కట్టడాలను కొండమీద, జలాశయం ఒడ్డునున్న అనుపు వద్ద తిరిగి నిలబెట్టారు. కొండపై మ్యూజియం 1966లో ఏర్పడింది. చుట్టూ నీరు నిండి కొండ ద్వీపమైంది.

అసలు శ్రమ ఆ తరువాత మొదలవుతుంది. లాంచీ నడిపే సరంగులనూ, రేవులో టీ అమ్మి బతికినవారినీ, ముంపు ఊళ్లనుంచి లేచివచ్చిన కుటుంబాల పెద్దలనూ కలవాలి. వారిని "లాంచీ ఏ సంవత్సరంలో మొదలైంది?" అని అడిగితే జవాబు రాదు, వచ్చినా నమ్మదగినదిగా ఉండదు. "తాతా, మీ పెళ్లినాటికి లాంచీ ఉందా? అప్పుడు టికెట్ ఎంత? దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు మీరు ఏ లాంచీమీద ఉన్నారు?" అని అడిగితే మాట కదులుతుంది. ఉప్పెన 1977 నవంబర్‌లో, కృష్ణకు పెద్ద వరద 2009 అక్టోబర్‌లో వచ్చాయి. ఇలాంటి గుర్తులకు ముడివేసిన జ్ఞాపకం చాలావరకు నిలుస్తుంది. ఇద్దరి మాటలు పొసగకపోతే రెండింటినీ రాయాలి, ఒకదానిని తుడిచేయకూడదు.

ఇళ్లలో దొరికే పాత ఫోటోల వెనుక తేదీ సాధారణంగా ఉండదు, కాని ఫోటోలోని నీరే కొంత చెబుతుంది. జలాశయం పూర్తి నీటిమట్టం 590 అడుగులు. వానాకాలపు వరదలతో నిండి, వేసవికి దిగిపోతుంది. నీరు దిగినప్పుడు కొండ అంచున రాతిమీద తెల్లటి చార బయటపడుతుంది. ఫోటోలో ఆ చార ఎంత వెడల్పుగా ఉందో, రేవులో ఎన్ని మెట్లు తేలి ఉన్నాయో లెక్కపెట్టి, నీటిపారుదల శాఖ రోజువారీ మట్టాల పట్టికతో పోల్చితే, ఏడాది తేలకపోయినా ఏ నెలల్లో తీసినదో చాలాసార్లు చెప్పవచ్చు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

కాగితాల కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. "లాంచీ చరిత్ర ఇవ్వండి" అని రాస్తే ఉపయోగం లేదు. ఫలానా సంవత్సరపు లాగ్ బుక్, ఫలానా లాంచీ తనిఖీ నివేదిక అని పేరుపెట్టి అడగాలి. 2014 విభజన తరువాత కుడిగట్టు ఆంధ్రప్రదేశ్‌లో, ఎడమగట్టు తెలంగాణలో ఉన్నాయి కాబట్టి రెండు రాష్ట్రాల కార్యాలయాల్లోనూ వెతకాలి. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పడవ మునిగిన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో పర్యాటక పడవలను కొంతకాలం ఆపివేశారు. ఆ నెలల రికార్డులో ఖాళీ కనిపిస్తే కాగితం పోయిందని తొందరపడి రాయకూడదు.

చివరగా, రాయడానికి కూర్చునేముందు గడియారం చేతికి పెట్టుకుని ఒకసారి లాంచీ ఎక్కాలి. రేవు వదిలిన నిమిషం, కొండకు తగిలిన నిమిషం, ఆనాటి నీటిమట్టం, చుక్కాని పట్టినవారి పేరు నోటుపుస్తకంలో రాసుకోవాలి. పేరు రాసేముందు "అన్నా, మీ పేరు రాసుకోనా?" అని అడిగి, ఆయన సరేనంటేనే రాయాలి.