నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌ను మార్చే ముందు జాగ్రత్తలు

లినక్స్ యంత్రంలో నెట్‌వర్క్ డ్రైవర్ జోలికి వెళ్లే ముందు, దాని ఎదుట కూర్చునో, సీరియల్ కన్సోల్ (నెట్‌వర్క్ లేకుండా కేబుల్‌తో యంత్రాన్ని నడిపే మార్గం) ద్వారానో పనిచేసే వీలుందని నిర్ధారించుకోవాలి. ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా లాగిన్ అయి ఉండగా డ్రైవర్ మాడ్యూల్‌ను తొలగిస్తే, ఉన్న ఒక్క దారీ ఆ క్షణమే మూసుకుపోతుంది.

యంత్రంలోని పరికరాల జాబితా చూపే ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ (lspci) ఆదేశాన్ని ‘-ఎన్‌ఎన్‌కే’ (-nnk) ఆప్షన్‌తో నడిపి, తయారీదారు సంఖ్యను (ఇంటెల్ కార్డుకు 8086), పరికరం సంఖ్యను, ప్రస్తుతం వాడుకలో ఉన్న డ్రైవర్ పేరును కాగితంపై రాసిపెట్టుకోవాలి.

డ్రైవర్‌నే తప్పుపట్టకుండా ముందు ‘డీమెసెజ్’ (dmesg) ఆదేశం చూపే కెర్నల్ (లినక్స్ ప్రధాన భాగం) సందేశాలను ఓపికగా చదవాలి, ఎందుకంటే, ముఖ్యంగా వైఫై కార్డుల్లో, డ్రైవర్ సక్రమంగానే లోడైనా ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఫైలు దొరకక పని ఆగిపోతుంటుంది.

ఫర్మ్‌వేర్‌ను, డ్రైవర్‌ను కంపైల్ చేయడానికి కావాల్సిన కెర్నల్ హెడర్లు, కంపైలర్ ప్యాకేజీలను ముందుగానే యూఎస్‌బీ డ్రైవ్‌లో ఉంచుకోవాలి. నెట్ పోయాక వాటిని దించుకోలేము. కెర్నల్‌ను కూడా మార్చితే, పాతదాన్ని మాత్రం తొలగించవద్దు.